విజయవాడ లెనిన్ సెంటర్‌లో శనివారం బల్ల: సమాచార హక్కు ప్రాజెక్టు డైరీ

జూన్ 7, 2025

బల్ల పడింది. సాయంత్రం ఐదున్నరకు, లెనిన్ విగ్రహానికి ఎదురుగా, ఫుట్‌పాత్ అంచున. నాలుగడుగుల మడత బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ముందు కట్టిన ఫ్లెక్సీ, రెండు వందల కరపత్రాలు. సిటీ బస్సు వెళ్లినప్పుడల్లా కరపత్రాలు లేచిపోతుంటే ఎక్కడినుంచో రెండు ఇటుక ముక్కలు తెచ్చి వాటిమీద పెట్టాం.

మేం అంటే నేనూ, మా వీధిలో ఉండే రెవెన్యూ శాఖ రిటైర్డ్ సీనియర్ అసిస్టెంట్ గారూ. వీధిలో అందరికీ ఆయన బాబాయ్ గారే, నాకూ అంతే. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. ఈ పనిలోకి రావడానికి కారణం మా నాన్న. ఆయన పోయాక అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ కాగితం ఒక ఆఫీసులో పద్నాలుగు నెలలు ఆగిపోయింది. ఎప్పుడు వెళ్లినా "పైకి పంపామమ్మా" అనేవాళ్లు. చివరికి బాబాయ్ గారు సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం మీద నాలుగు లైన్ల దరఖాస్తు నాచేత రాయించి, పది రూపాయలు కట్టి ఇచ్చి రమ్మన్నారు. ఇరవై ఆరో రోజున జవాబు వచ్చింది. ఫైలు అసలు పైకి వెళ్లలేదు. సర్వీసు రిజిస్టర్‌లో ఒక పేజీ మీద సంతకం లేదని సెక్షన్‌లోనే ఉంచేశారు. ఆ సంతకం పెట్టించడానికి మూడు రోజులు పట్టింది. పద్నాలుగు నెలలూ అమ్మ అప్పులు చేసి ఇల్లు నడిపింది. నాకు ఆ నాలుగు లైన్లు రాయడం ముందే తెలిసుంటే ఆ అప్పులు ఉండేవి కావు.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. ఈ అక్టోబరుకు ఇరవయ్యేళ్లు. అయినా అమ్మలాంటి వాళ్లకు అది పేపర్లో చూసిన పేరు మాత్రమే. అందుకే ప్రతి శనివారం సాయంత్రం రెండున్నర గంటలు ఇక్కడ కూర్చుని, అడిగినవాళ్లకు దరఖాస్తు రాయడం నేర్పాలని అనుకున్నాం. హాలు తీసుకుని సదస్సు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. హాలుకు వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు, నాకు కావలసింది దారిన పోయేవాళ్లు. ఈ చట్టం వెనక ఉన్న పోరాటం కూడా ఇలాంటి ఒక సెంటర్లోనే జరిగింది. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్ ఊళ్లో, చాంగ్ గేట్ దగ్గర, మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీ రైతుల సంఘం వాళ్లు 40 రోజులు ధర్నా చేశారు. కూలి డబ్బుల మస్టర్ రోల్ (హాజరు పట్టీ), బిల్లుల నకళ్లు చూపించమన్నదే వాళ్ల డిమాండు.

ఈరోజు ఆగినవాళ్లు నలుగురు. ఇద్దరు బీసెంట్ రోడ్డుకు దారి అడిగారు.

జూన్ 14

రెండు మార్పులు చేశాం.

ఒకటి, చోటు. విగ్రహం దగ్గర ఏదో ఒక ధర్నా, ఏదో ఒక సభ ఉంటూనే ఉంటుంది. అది ఆ చోటుకు ఉన్న గౌరవం, దాన్ని తప్పుపట్టను. కానీ మైకు పక్కన ఒక మనిషి తన ఇంటి సంగతి చెప్పుకోలేడు. పాత పుస్తకాల షాపుల వరుస వైపు జరిగాం. అక్కడ ఒక షాపాయన వారమంతా బల్ల లోపల పెట్టుకుంటానన్నారు, లైటుకు ప్లగ్గు కూడా ఇచ్చారు. ఫుట్‌పాత్ మీద మనుషులు నడవడానికి జాగా వదలాలని మాత్రం గట్టిగా చెప్పారు. బల్లను గోడకు ఆనించి వేశాం.

రెండు, ఫ్లెక్సీ. మొదటిదాని మీద "సమాచార హక్కు చట్టం 2005: అవగాహన కార్యక్రమం" అని వేయించాం. దాన్ని చూసి ఎవరూ ఆగలేదు. ఆ మాటలు ప్రభుత్వ ప్రకటనలా ఉన్నాయి, ప్రభుత్వ ప్రకటనలను చూడకుండా వెళ్లిపోవడం అందరికీ అలవాటే. కొత్త అట్ట మీద చేత్తో రాశాను: "మీ కాగితం ఏ ఆఫీసులో ఆగింది?" ఏడు గంటల్లోపే తొమ్మిది మంది ఆగారు. అందులో ఒక ఆటో డ్రైవరు బండి పక్కన పెట్టి, ఇంజిన్ ఆపకుండానే మొత్తం కథ చెప్పేసి, "మళ్లీ వారం వస్తా మేడమ్" అని వెళ్లిపోయాడు.

పోలీసు స్టేషన్లో సమాచారం కోసం ఒక లెటర్ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. అది ఎప్పుడూ బల్ల మీద ఉండే ఫైల్లో మొదటి కాగితం.

జూన్ 21

మూడో కుర్చీ తెచ్చాం. పోయినవారం వచ్చినవాళ్లంతా నిలబడే మాట్లాడారు, నిలబడ్డ మనిషి తొందరగా ముగించేస్తాడు. ఈరోజు కుర్చీని బల్లకు ఎదురుగా కాకుండా పక్కన, మా వైపే వేశాం. కౌంటరులా ఉండకూడదని బాబాయ్ గారి ఆలోచన.

ఆ కుర్చీలో మొదట కూర్చున్నది పాయకాపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. పిన్ని గారూ అని పిలిచాను, ఆ పిలుపుతోనే కొంచెం ధైర్యం తెచ్చుకున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆవిడ ఇల్లు మునిగింది. ముంపు ఇళ్లలో గ్రౌండ్‌ఫ్లోర్‌కు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు సాయం అని ప్రభుత్వం ప్రకటించింది కదా. పక్కింటికి పడింది, ఎదురింటికి పడింది, ఆవిడకు పడలేదు. తొమ్మిది నెలలుగా తిరుగుతున్నారు. సంచిలో ఆరు అర్జీల నకళ్లు ఉన్నాయి. ఆరింటిలోనూ ఒకే వాక్యం: "నాకు వరద సాయం ఎందుకు ఇవ్వలేదో తెలుపగలరు."

నేను అదే మాటను దరఖాస్తులో పెట్టబోయాను. బాబాయ్ గారు కలం మీద చెయ్యి వేసి ఆపారు. "ఎందుకు అని అడిగితే వాళ్లు నీకు అభిప్రాయం చెప్పాలి. చట్టం ఇప్పించేది కాగితం. ఆ కాగితంలో ఏం రాసుందో అడుగు" అన్నారు. తర్వాత ఆవిణ్ణి మెల్లగా అడిగారు. ఎన్యూమరేషన్, అంటే నష్టం సర్వే, చేసినవాళ్లు వచ్చారా? ఎప్పుడు? మీ ఇంటి నంబరు ఎంత? కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది? ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి దరఖాస్తు ఇలా తయారైంది:

"ఫలానా డోర్ నంబరు ఇంటికి సంబంధించి 2024 వరద నష్టం ఎన్యూమరేషన్‌లో నమోదు చేసిన వివరాల పేజీ నకలు ఇవ్వగలరు. ఆ ఇంటిని అర్హుల జాబితాలో చేర్చడం లేదా తొలగించడంపై ఉన్న నోట్ ఫైలు నకలు ఇవ్వగలరు. ఈ విషయమై నేను ఇచ్చిన ఆరు అర్జీలు (తేదీలు జతచేశాను) ఏ సెక్షన్‌కు వెళ్లాయో, వాటిపై తీసుకున్న చర్య నమోదైన రిజిస్టర్ పేజీల నకళ్లు ఇవ్వగలరు. ఈ సమాచారం మీ వద్ద లేకపోతే సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయగలరు."

నోట్ ఫైలు అంటే ఆ విషయం మీద అధికారులు రాసుకునే మాటలు. ఆవిడ చదువుకున్నది అయిదో తరగతి. నేను టైపు చేసి ఇస్తానంటే వద్దన్నారు, సొంత దస్తూరీతో రాసుకున్నారు. సగం పేజీకి ముప్పావుగంట. అంతసేపూ ఇంకో నలుగురు వెనక నిలబడి ఓపిగ్గా చూస్తూ ఉన్నారు. అదే వాళ్లకూ పాఠమైంది.

జూన్ 28

సోమవారం పిన్ని గారు కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని, ఈరోజు చూపించడానికి వచ్చారు. తేదీ జూన్ 23. ముప్ఫై రోజుల లెక్క మొదలైంది.

బల్ల మీద ఒక నియమం పెట్టుకున్నాం: దరఖాస్తులో "ఎందుకు" అనే మాట ఉండకూడదు. ఇది మా సొంత తెలివి కాదు. 2008లో బాంబే హైకోర్టు గోవా బెంచ్ ఒక తీర్పులో, ఎందుకు చేశారు, ఎందుకు చేయలేదు అనే ప్రశ్నలకు జవాబులు "సమాచారం" కిందికి రావని చెప్పింది. 2011లో సుప్రీంకోర్టు కూడా, ఆఫీసులో లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన పని లేదని చెప్పింది. అయితే చట్టంలోనే సెక్షన్ 4(1)(డి) ఉంది. ఒక నిర్ణయం వల్ల నష్టపోయిన వాళ్లకు దాని కారణాలు ఆఫీసే చెప్పాలని అది అంటుంది. బాబాయ్ గారు దాన్ని అప్పీలు దశకు దాచుకోమంటారు. మొదటి దరఖాస్తుకే వాదన పెట్టుకుంటే నకలు దొరకడం ఆలస్యమవుతుందని ఆయన అనుభవం.

ఈరోజు ఆయన బల్ల దగ్గర చేసిన పని నాకు చాలా నచ్చింది. ఒక అట్ట మీద ఆఫీసులో అర్జీ నడిచే దారి గీశారు. మన ఆఫీసుల్లో తెల్లవాళ్ల కాలం నుంచీ టోటెన్‌హామ్ పద్ధతి అని ఒకటి నడుస్తోంది. కాగితం లోపలికి రాగానే దానికి ఒక నంబరు పడుతుంది. అక్కణ్ణుంచి ఆ సీటు చూసే గుమస్తా పర్సనల్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఎప్పుడు వచ్చింది, పై అధికారికి ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తిరిగొచ్చింది, ఎలా ముగించారు, అన్నీ ఒకే వరుసలో కనబడతాయి. ఫైలు రెండు భాగాలు: వచ్చిన కాగితాలూ పంపిన ఉత్తరాలూ కరెంట్ ఫైలు, అధికారులు రాసుకునే మాటలు నోట్ ఫైలు. ఇప్పుడు చాలాచోట్ల ఇదంతా ఈ-ఆఫీసులోకి మారింది, కానీ దారి అదే. "కనుక్కుని చెప్పండి" అని అడిగినవాడికి "పరిశీలనలో ఉంది" అనే జవాబు వస్తుంది. "పర్సనల్ రిజిస్టర్‌లో నా అర్జీ ఉన్న పేజీ నకలు ఇవ్వండి" అని అడిగినవాడికి ఆ పేజీ ఇవ్వాలి, లేదా పేజీ లేదని రాసివ్వాలి. రెండో జవాబు కూడా పనికొస్తుంది.

ముప్ఫై ఏళ్లు ఆ రిజిస్టర్లు రాసిన మనిషి ఫుట్‌పాత్ మీద కూర్చుని వాటి గుట్టు చెబుతుంటే, చుట్టూ చేరినవాళ్లు ఫోన్లలో ఆ అట్టను ఫొటో తీసుకున్నారు.

జూలై 5

వాన. ఆరింటికి మొదలై ఆగలేదు. షాపు పంచ కింద నిలబడి ఇద్దరికి మాత్రం చెప్పగలిగాం. కరపత్రాలు తడిశాయి. ప్లాస్టిక్ పట్టా కొనాలి.

జూలై 12

రద్దీ. పదిహేను మంది.

కంకిపాడు వైపు నుంచి ఒక రైతు వచ్చారు. వాళ్ల నాన్న పేరు మీది పొలం కాగితాల నకళ్లు కావాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, కంకిపాడు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. పాత ఫైలు ఎక్కడుందో తెలియక ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసుకు, వాళ్లు మళ్లీ ఇటు తిప్పుతున్నారట. ఛార్జీలకే రెండు వేలు పైన అయిందన్నారు. ఫైలు ఎక్కడుందో వెతుక్కునే బరువు అడిగినవాడిది కాదు. దగ్గర ఉన్న ఆఫీసులో ఇచ్చి 6(3) లైను రాస్తే, బదిలీ చేయడం వాళ్ల పని. ఆ లైను కింద గీత గీసి ఇచ్చాను.

ఒక డిగ్రీ అమ్మాయి జవాబు పత్రం చూడొచ్చా అని అడిగింది. చూడొచ్చు, నకలు కూడా తీసుకోవచ్చు. నేను చెప్పిన 2011 సుప్రీంకోర్టు తీర్పే ఆ హక్కును ఖాయం చేసింది. ఐదు నిమిషాల్లో రాసుకుని వెళ్లింది. పిల్లలు తొందరగా పట్టుకుంటారు.

ఫీజుల గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి ఇంకో అట్ట రాసి తగిలించాం: మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకలు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, కార్డు నకలు జతచేయాలి. కారణం చెప్పాల్సిన పని లేదు. రాయడం రానివాళ్లకు రాసిపెట్టడంలో సాయం చేయాల్సింది ఆ ఆఫీసు సమాచార అధికారే. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు.

ఒక ఇల్లాలు దూరంగా నిలబడి అంతా విని, అందరూ వెళ్లాక దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇందులో నా పేరు రాస్తే రేషన్ తీసేస్తారా?" అంది. అలా ఎవరూ తీసేయలేరు, అలా తీసేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆమె భయం అబద్ధం కాదు. ఆఫీసులో ఉన్న మనిషి మొహం మాడ్చుకుంటాడేమో, తర్వాత పని ఇంకా కష్టమవుతుందేమో అన్న టెన్షన్ నాకూ అమ్మ కాగితం ఇచ్చిన రోజున ఉంది. ఏమీ కాదని గట్టిగా హామీ ఇవ్వడం నా వల్ల కాలేదు. ఆ రోజు నేను ఏం చేశానో చెప్పాను. ఆలోచించుకుని వస్తానంది. ఆమె మళ్లీ రావాలని నాకు చాలా ఉంది.

జూలై 19

ఈరోజు ఒకరికి రాసివ్వలేదు. అది కూడా ఇక్కడ నమోదు చేయాలి.

పెద్ద ఉద్యోగిలా ఉన్న ఒకాయన చక్కగా టైపు చేసిన ముప్ఫై ప్రశ్నలతో వచ్చారు. అన్నీ ఒక ప్రభుత్వ ఉద్యోగిని గురించి: ఆమె సెలవులు, ఆమె మెడికల్ బిల్లులు, ఆమె బ్యాంకు లోన్లు. సరిదిద్ది పెట్టమన్నారు. ఆమె వాళ్ల పక్కింటావిడ అనీ, గోడ గొడవ నడుస్తోందనీ మాటల్లో బయటపడింది. వ్యక్తిగత సమాచారానికి సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) కింద రక్షణ ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ క్లాజును ఇంకా బిగించే సవరణ ఉంది. ఆ బిగింపు లబ్ధిదారుల జాబితాల వంటివి అడిగేవాళ్లకు అడ్డవుతుందని నాకు నిజంగా బాధగా ఉంది. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చనే 8(2) మిగిలి ఉంది కాబట్టి అలాంటి చోట దాన్నే పట్టుకోవాలి. కానీ ఈయన అడుగుతున్నది జాబితా కాదు, ఒక ఆడమనిషి మెడికల్ బిల్లులు. చట్టం ఏం చెప్పినా నేను ఆ కాగితం ముట్టుకోను. బాబాయ్ గారు ఆయనకు మర్యాదగానే చెప్పి పంపారు.

కరపత్రంలో పెద్ద అక్షరాల్లో వేసిన జరిమానా సంగతి తీసేయడానికీ ఇదే కారణం. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250, మొత్తం 25 వేల దాకా జరిమానా ఉంది, నిజమే. అది వేసేది సమాచార కమిషన్. దాన్ని చూసి వచ్చేవాళ్లు కాగితం కోసం కాకుండా కక్ష కోసం వస్తున్నారని రెండో వారంలోనే గమనించి తీసేశాం.

జూలై 26

పిన్ని గారికి జవాబు రాలేదు. జూలై 23తో ముప్ఫై రోజులు అయిపోయాయి. గడువులో జవాబు ఇవ్వకపోతే అది నిరాకరించినట్లే లెక్క. ఆ తర్వాత ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. మొదటి అప్పీలు రాశాం, అదే ఆఫీసులో పై అధికారికి. ముప్ఫై రోజుల్లోపు వేయాలి, వాళ్లు ముప్ఫై రోజుల్లో, కారణం రాసి అయితే 45 రోజుల్లో తేల్చాలి. దానికీ కుదరకపోతే 90 రోజుల్లోపు మంగళగిరిలో ఉన్న కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ అంకెలన్నీ విని ఆవిడ మొహం వాడిపోయింది. "మళ్లీ నెలా అమ్మాయ్?" అన్నారు.

నాకు చెప్పడానికి మాట దొరకలేదు. టీ తెప్పించాను. తాగాక తనే కలం అందుకున్నారు.

ఆగస్టు 9

నేను ఊళ్లో లేను. బాబాయ్ గారొక్కరే కూర్చున్నారు. ఆయన రాసిపెట్టింది: "వచ్చినవారు 7. రాసినవి 3. కార్బన్ కాగితాలు అయిపోయినవి."

ఆగస్టు 23

వచ్చింది. అప్పీలు ఇచ్చిన జూలై 28 నుంచి ఇరవై నాలుగో రోజున, రెండు పేజీలు. పిన్ని గారు కవరు చింపకుండా తెచ్చారు, ఇక్కడే చదవాలని.

మొదటి పేజీ ఎన్యూమరేషన్ వివరాలు. డోర్ నంబరు సరిగ్గానే ఉంది. అంతస్తు: గ్రౌండ్. నీటి ఎత్తు అన్న గడి ఖాళీ. రిమార్కుల గడిలో రెండు మాటలు: "డోర్ లాక్డ్." రెండో పేజీలో, తాళం వేసిన ఇళ్లను రెండోసారి చూడాలని ఉంది. చూసినట్లు మాత్రం ఎక్కడా లేదు.

ఆవిడ చాలాసేపు ఆ గడినే చూశారు. "తాళం వెయ్యకపోతే ఎట్టా? నడుముల్లోతు నీళ్లలో పడవెక్కి పోయాం. పదిరోజులు నూజివీడులో మా అమ్మాయింట్లో ఉన్నాం" అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు, అది రాసుకోకుండా ఉండలేను: "నా మీద ఎవరికో కోపమనుకున్నా అమ్మాయ్, ఇన్నాళ్లూ."

పదకొండు నెలలు ఆవిడ మనసులో ఉన్నది అదీ. ఒక గడిలో రెండు మాటలు అని తెలియక, తనవాళ్లనే, వీధివాళ్లనే అనుమానిస్తూ బతికారు. డబ్బు సంగతి తర్వాత, ఈ ఒక్క బరువు దిగిందని నాకు అర్థమైంది.

అప్పటికప్పుడే కొత్త అర్జీ. ఇప్పుడు ఏం నిరూపించాలో తెలుసు: ఆ ఇంట్లో కాపురం ఉన్నారని, నీళ్లు వచ్చాయని. ఆ నెల కరెంటు బిల్లు, గోడ మీద మట్టి గీత కనబడే ఫొటో, జవాబుగా వచ్చిన రెండు పేజీల నకలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఇవ్వాలి.

సెప్టెంబరు 6

వరద వచ్చి ఏడాది దాటింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నుంచి ఈ రెండు వారాల్లో పదకొండు మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమందిని పంపింది పిన్ని గారే. అందరి ఇళ్లకూ తాళం రిమార్కే ఉంటుందని అనుకోకూడదు. ఒక్కొక్కరి కాగితం ఒక్కొక్కరిదే. మొదటి ప్రశ్నగా మాత్రం "మీ ఇంటి నంబరు మీద నమోదైన పేజీ నకలు" అని అందరిచేతా రాయిస్తున్నాం.

రేషన్ గురించి అడిగిన చెల్లి ఇంకా రాలేదు.

సెప్టెంబరు 20

పిన్ని గారి అర్జీకి నంబరు పడింది, ఇంటికి ఒకరు వచ్చి చూసి వెళ్లారట, ఫొటోలు తీసుకున్నారట. డబ్బు ఇంకా పడలేదు. వచ్చి చూసినవారు ఏం రాశారో నకలు అడుగుదామా అని ఆవిడే అడిగారు. రెండు వారాలు ఆగి అడుగుదామన్నాం.

కంకిపాడు ఫైలు బదిలీ అయినట్లు ఉత్తరం వచ్చింది, ఫైలు రాలేదు. ఆయన అప్పీలు గడువు అక్టోబరు మొదటి వారంలో ముగుస్తుంది, వచ్చే శనివారానికి రాసి ఉంచాలి. డిగ్రీ అమ్మాయికి జవాబు పత్రం నకలు అందింది.

దసరాకు ఊరంతా కిటకిటలాడుతుంది, ఆ శనివారాల్లో ఇక్కడ బల్ల వేయడానికి చోటు ఉండదు. షాపు లోపలే రెండు కుర్చీలు వేసుకోమన్నారు పుస్తకాలాయన. కొనాల్సినవి: కార్బన్ పేపర్లు, పట్టా, బల్ల కాలికి కొత్త నట్టు.